రామలింగప్ప మిషనుకు అనుమతి లేదు

ఎమ్మిగనూరు బజారులో పెద్దసుబ్బయ్య శెట్టి బట్టల కొట్టుకు ఒక పేరుంది. ఆ కొట్టులో పనికి కుదిరినవాణ్ణి ఎవరూ పొమ్మనరు. తాతల నాటి నుంచి ఆ మాట తమ నోట రాలేదని ఆ ఇంటివాళ్లు పెళ్లి పందిళ్లలో కూడా చెప్పుకుంటారు. విన్నవాళ్లు "పుణ్యాత్ములప్పా" అని తలలూపుతారు. తలలూపేవాళ్లలో ఆ కొట్టులో పనిచేసినవాడు ఒక్కడూ ఉండడు.

పొమ్మనకుండా పంపడం కూడా ఒక విద్యే. పొద్దున పదకొండు గంటలప్పుడు ఇంటి లోపలి నుంచి పళ్లెంలో కాఫీ గ్లాసులు వస్తాయి. శెట్టి భార్య రాజ్యలక్ష్మమ్మ ఎవరి గ్లాసు వాళ్లకు సర్ది పంపుతుంది. ఒకనాడు ఒకడి గ్లాసు రాదు. మరిచిపోయారేమో అనుకుంటాడు. మర్నాడూ రాదు. ఆ తర్వాత పక్కవాళ్లు వాడి వైపు చూడకుండా గోడకు తిరిగి తాగడం మొదలుపెడతారు. నాలుగు రోజులు గడిచేసరికి వాడే చేతులు కట్టుకుని వచ్చి, "సావుకారీ, ఊర్లో రోంత పని పడినాది, ఇంక రాలేను" అంటాడు. "అయ్యో, అట్లనా? నీ ఇష్టమప్పా. మేమైతే పొమ్మనల్యా" అంటాడు శెట్టి. గుమాస్తా కంబన్న తల నెరిసేదాకా ఆ గల్లాపెట్టె పక్కనే కూర్చున్నాడు. ఆయన కూడా అట్లాగే పోయాడు. పొమ్మనలేక పొగపెట్టడం అందరికీ సామెత. ఆ ఇంట్లో అది వ్యాపారం.

రామలింగప్ప విషయంలో మాత్రం ఈ పొగ రాజుకోలేదు. ఎందుకంటే రామలింగప్ప కాఫీ తాగడు. కడుపులో మంటని చిన్నప్పుడే మానేశాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న మజ్జిగ తాగి తన పని తాను చూసుకునేవాడు. గ్లాసు వచ్చేదీ తెలియదు, రానిదీ తెలియదు.

ఆయన పని చీరల అంచులు గీయడం. నేసేవాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పెరిగి, చివరికి పెన్సిలు పట్టుకున్నాడు. చీర అంచు మీద నెమలి నిలబడాలంటే ముందు గళ్ల కాగితం మీద నిలబడాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. ఏ గడిలో ఎర్ర పెన్సిలు పడితే ఆ పోగు పైకి లేస్తుంది. ఆ కాగితం చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు, అట్టలు మగ్గం మీద పోగుల్ని ఎత్తే జకార్డు పెట్టెకు ఎక్కుతాయి, నేసేవాడు కాలు తొక్కుతూ పోతే అంచు దానంతటదే వస్తుంది. ఒక్క గడి తప్పితే నెమలికి కాలు విరిగినట్టే.

రామలింగప్పకు గడి తప్పదు. తప్పిందని ఎవడైనా అంటే కాగితం వాడి మొహాన పెట్టి వెతికించేవాడు. మామూలుగా మెత్తని మనిషే గానీ అంచు మాట వస్తే కొరివికారం. ఏ అంచు ఏ ఏట వేశాడో, ఎవరి మగ్గం మీద మొదట నేశారో, దాని పక్కన ఏ రంగు పడితే చెడుతుందో, అంతా తలలోనే ఉండేది. వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు, పొలంలో కంకి లేదని జనం ఏడుస్తుంటే ఆయన జొన్నకంకి అంచు వేశాడు. ఆదోని నుంచి బళ్ళారి దాకా ఆడవాళ్లు ఆ అంచు అడిగి మరీ కొన్నారు. పొలం లేదు, సొంత ఇల్లు లేదు. ఆయనకు ఆస్తి అంటూ ఉంటే అది ఆ తలకాయే. దాని మీద ఆయనకున్న గర్వం మామూలుది కాదు.

పెద్దసుబ్బయ్య మంచాన పడ్డాక కొడుకు జ్ఞానేశ్వర్ చేతికి కొట్టు వచ్చింది. కొత్త శెట్టి కొత్తగా కంప్యూటర్లు తెచ్చాడు. మేడ మీద హాలులో నాలుగు బల్లలు వేసి నాలుగు కంప్యూటర్లు పెట్టించాడు, అందులో ఒకటి తనకు. వెనక గదిలో ఒక పెద్ద మిషను. వీటన్నిటినీ చూసుకోవడానికి కర్నూలు నుంచి మురళి అనే చదువుకున్న కుర్రాణ్ణి తెచ్చుకున్నాడు. ఇకమీద అంచులన్నీ కంప్యూటర్లోనే ఉండాలన్నాడు. యాభై దాటిన రామలింగప్ప ఏం నేర్చుకుంటాడులే అని అందరూ నవ్వారు. ఆయన మొండిగా నేర్చుకున్నాడు. మొదట్లో మౌసనే ఆ ఎలుక చేతిలో నిలిచేది కాదు, బల్ల దాటి పోయేది. తర్వాత పెన్సిలు విన్నట్టే అదీ చెప్పిన మాట వింది. తన జీవితమంతా గీసిన అంచుల్ని ఒక్కొక్కటిగా, గడి గడీ చూసుకుంటూ కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆ పనికి రెండేళ్లు పైనే పట్టింది.

ఎక్కించినవన్నీ తన బల్ల మీది డబ్బాలో ఉండవని, వెనక గదిలో పెద్ద మిషనులో 'అంచులు' అనే చోట ఉంటాయని తెలిసినప్పుడు ఆయనకు కొంచెం భయమేసింది.

"మురళప్పా, యాడనో ఉండేది ఈడ ఎట్ల కనపడతాది? ఎవురైనా వచ్చి సూసేస్తే?"

"ఎవురుబడితే వాళ్లు రాలేరన్నా" అన్నాడు మురళి. "పెద్ద మిషనులో ఒక జాబితా ఉండాది. ఒక్కో సిస్టమ్‌కు ఒక నంబరు. జాబితాలో నంబరు ఉంటే తలుపు తెరుస్తాది. కొన్నిటికి చూసేదానికి మాత్రమే, కొన్నిటికి దిద్దేదానికి కూడా. నంబరు ల్యాకపోతే గడప కాడనే ఆపేస్తాది. అది మనుషుల్ని చూడదన్నా, మిషను నంబరును చూస్తాది. ఆ కుర్చీలో నువ్వు కూసున్యా ఒగటే, నేను కూసున్యా ఒగటే."

"నాది ఉండాదా జాబితాలో?"

"నీది ల్యాకపోతే ఇంకెవురిదుంటాదన్నా! దిద్దేదానికి కూడా ఇచ్చినా."

రామలింగప్ప ఆ రోజు ఇంటికి పోయి ఆ సంగతి భార్య ఉరుకుందమ్మకు గొప్పగా చెప్పుకున్నాడు. పెద్ద మిషనుకు తన నంబరు తెలుసట.

అంచులన్నీ లోపలికి చేరాయి. ఆఖరుది ఎక్కిన నాడే ఆ కొట్టులో రామలింగప్పకు నూకలు చెల్లాయి. ఆయనకే తెలియదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. జ్ఞానేశ్వర్‌కు ఇప్పుడు ఆయన నెమ్మది గిట్టలేదు. రామలింగప్ప ఒక కొత్త అంచుకు పదిహేను రోజులు తీసుకుంటాడు. పక్క బల్ల మీది పద్మశ్రీ పాత అంచులో నెమలిని, ఇంకో అంచులో తీగను తీసి కలిపి పూటలో కొత్తది చేస్తుంది. పైగా బయటి ఊరి వ్యాపారులు మేడ ఎక్కగానే ముందు రామలింగప్పకు దండం పెట్టి, ఆ తర్వాత శెట్టి వైపు తిరిగేవాళ్లు. అది మాత్రం శెట్టికి గొంతులో ముల్లు.

పద్మశ్రీ రామలింగప్పకు మేనకోడలే. తండ్రి పోయిన పిల్లని తనే తెచ్చి, పెన్సిలు పట్టడం నేర్పి, శెట్టితో చెప్పి పనిలో పెట్టించాడు.

ఒక మధ్యాహ్నం జ్ఞానేశ్వర్ మురళిని వెనక గదిలోకి పిలిచాడు.

"రామలింగప్ప మిషన్ని జాబితాలోంచి తీసెయ్."

మురళికి అర్థం కాలేదు. "ఆయప్పకు ఒక మాట చెప్పి తీసేద్దామా సావుకారీ?"

"చెప్తే పొమ్మన్నట్టు కాదా?" అన్నాడు జ్ఞానేశ్వర్, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా. "మా ఇంట్లో ఆ మాట అనం. పనిల్యాక ఆయప్పే పోతాడు."

తీసెయ్యడమంటే పెద్ద పనేం కాదు. జాబితాలో ఆ నంబరున్న వరుసకు ముందు ఒక చిన్న గుర్తు పెడితే చాలు, ఆ వరుస ఉన్నా లేనట్టే. మురళికి పెళ్లయి ఏడాది కాలేదు, కర్నూలులో అద్దె ఇల్లు. ఆ గుర్తు పెట్టాడు. గొర్రెను కోసేవాడికి కనీసం దాని అరుపైనా వినబడుతుంది. మురళికి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మర్నాడు రామలింగప్ప కంప్యూటర్ పెట్టి, దండం పెట్టుకుని, 'అంచులు' మీద నొక్కాడు. ఇంగ్లీషులో ఏదో వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. కళ్లజోడు తుడుచుకున్నాడు.

"పద్మా, రోంత ఇట్ల రామ్మా. ఇదేమంటాండాది?"

పద్మశ్రీకి ముందే తెలుసు. పొద్దున మెట్ల మీదే శెట్టి చెప్పాడు. మీ మామ కూర్చునే ఆ పెద్ద బల్ల, కిటికీ పక్కది, త్వరలో నీదేనమ్మా అని కూడా చెప్పాడు. ఆమె తెర వైపు చూసింది, మామ మొహం వైపు చూడలేదు.

"నువ్వేదో నొక్కింటావు మామా."

"నేనేం నొక్కల్యా."

"నొక్కకపోతే ఎట్ల పోతాది? అప్పుడప్పుడు మనకు తెలీకుండానే నొక్కేస్తాం."

ఆ పిల్లను తిట్టిపోయడం తేలిక. ఇంట్లో తల్లి, ఇద్దరు తమ్ముళ్లు ఆమె జీతం మీదే బతుకుతున్నారు. అయినా ఆకలికి అబద్ధమాడేవాళ్లు కూడా ఎదుటివాడి గుండె ఎక్కడుందో చూసి ఆడరు. ఆమె చూసి మరీ ఆడింది.

రామలింగప్ప మురళిని అడిగాడు. "చూస్తాలే అన్నా" అన్నాడు మురళి. ఆ చూస్తాలే అట్లాగే సాగింది. రామలింగప్ప రోజూ వచ్చేవాడు, కంప్యూటర్ పెట్టేవాడు, నొక్కేవాడు. అదే ఇంగ్లీషు ముక్క. మిగతా రోజంతా ఆ తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. చేతి చెమట తగిలి ఏమైనా చెడిందేమోనని సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, తుండుతో తుడుచుకుని, వేలి చివరతో నొక్కి చూసేవాడు. దానికీ తెరుచుకోలేదు.

ఎవరైనా వ్యాపారులు వచ్చిన సమయం చూసి జ్ఞానేశ్వర్ గట్టిగా పలకరించేవాడు.

"ఏమప్పా రామలింగప్పా, ఈ రోజు ఎన్ని అంచులు వేసినావు?"

"ల్యా సావుకారీ. ఈ సిస్టమ్ మాట వినడంల్యా."

"అది మాట వినదా, నువ్వు చెప్పేది మర్చిపోయినావా?" అని నవ్వేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. పద్మశ్రీ కూడా, చీర చెంగు అడ్డం పెట్టుకుని.

కొన్నాళ్లకు ఆ నవ్వు చాలలేదు. ఒక పూట అందరూ ఉండగా జ్ఞానేశ్వర్ దగ్గరకు వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి మెత్తగా అన్నాడు. "జొన్నకంకి అంచు సగం చెరిగిపోయినాదంట. ఎవురి చెయ్యి తగిలినాదో ఏమో. పోనీలే. నేనేమీ అనడంల్యా."

ఏ అంచూ చెరగలేదు. కంకిలో ఒక్క గింజ కూడా రాలలేదు. కానీ రామలింగప్పకు చూసుకునే దారి లేదు. నొక్కింది తనే. చెరిపింది తనే. లేకపోతే పద్మ ఎందుకంటుంది, శెట్టి ఎందుకంటాడు?

ఆ రోజు నుంచి మనిషి నీరుకారిపోయాడు. ఇంటికి పోయి ఉరుకుందమ్మ ముందు కూర్చుని మొదటిసారి ఆ మాట అన్నాడు. "నాకు మతి పోతాండాది."

"ఏం మాటలయ్యా అవి?"

"జొన్నకంకిని నేనే చెరిపేసినానంట. చెరిపింది గ్యాపకం కూడా ల్యా."

ఉరుకుందమ్మ చదువుకోలేదు గానీ మొగుడి తలకాయ ఎట్లాంటిదో ఆమెకు తెలుసు. పక్కింటివాళ్లు చెబితే సరస్వతి ఆకు తెచ్చి, నూరి, రసం పిండి రోజూ పరగడుపున తాగించింది. పిడికెడు మనిషి ఆ చేదు మింగి, పది నిమిషాలు కళ్లు మూసుకుని పాత అంచుల పేర్లు ఒప్పజెప్పుకునేవాడు. పేర్లన్నీ వచ్చేవి. వచ్చినా నమ్మకం కలిగేది కాదు. సంతకు పోతే చిల్లర రెండుసార్లు ఎంచేవాడు. తలుపు గడియ పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి చూసుకునేవాడు. ఉరుకుందమ్మ ఈ సంగతంతా పద్మశ్రీతో చెప్పుకుని ఏడ్చింది. ఇంటి పిల్లే కదా అనుకుంది. పద్మశ్రీ దాన్ని శెట్టి చెవిన వేసింది.

బాగున్న మనిషిని పిచ్చివాణ్ణి చెయ్యాలంటే మందూ మాకూ అక్కర్లేదు. తనవాళ్లు ఇద్దరు చాలు.

దసరా వచ్చింది. ఆ కొట్టులో ఆయుధపూజ ఘనంగా చేస్తారు. తూనికరాళ్లు, కత్తెరలు, గజం బద్దలతో పాటు కంప్యూటర్లకూ పూజ ఉంటుంది. బల్లల మీది నాలుగు డబ్బాలను తీగలు పీకి కిందికి దించారు. తడిగుడ్డతో తుడిచి, అమ్మవారి పటం ముందు వరుసగా పెట్టి, విభూతి పట్టెలు, కుంకుమ బొట్లు పెట్టి నిమ్మకాయలు కోశారు. హాలంతా కడిగారు. రామలింగప్ప తన డబ్బా ముందు సాష్టాంగపడి, తల్లీ, నా మతి నాకియ్యి అని మొక్కుకున్నాడు.

మురళి పండగకు కర్నూలు పోయి ఉన్నాడు. పూజ అయ్యాక డబ్బాల్ని మళ్లీ బల్లల మీదికి ఎక్కించింది పద్మశ్రీ, అట్టలు కొట్టే ఇద్దరు మనుషులు. నాలుగూ ఒకే రంగువి, ఒకేలాంటివి, అన్నిటికీ ఒకే విభూతి. తెర మీద అన్నిటిలోనూ ఒకే వినాయకుడు. ఏది ఏ బల్లదో ఎవరు చూస్తారు? ఏది దగ్గరుంటే అది ఎత్తి పెట్టారు. జ్ఞానేశ్వర్ డబ్బా రామలింగప్ప బల్ల మీదికి వచ్చింది. రామలింగప్ప డబ్బా శెట్టి బల్ల ఎక్కింది.

పండగ మర్నాడు రామలింగప్ప అలవాటుగా కూర్చుని, అలవాటుగా నొక్కాడు.

తలుపు తెరుచుకుంది.

నెమలి, హంస, రుద్రాక్ష, మామిడిపిందె, ఆయన బతుకంతా బారులు తీరి తెర మీద నిలబడింది. జొన్నకంకి తెరిచాడు. నిండు కంకి. సగం చెరిగిందన్నది ఎక్కడ? పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. ఒక్క గడి పోలేదు. ఆయన కళ్లలో నీళ్లు ఆగలేదు.

"పద్మా! సూడమ్మా! అమ్మ ఇచ్చేసినాది. చెరిగింది కూడా ఇచ్చేసినాది!"

పద్మశ్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు. రామలింగప్ప అది చూడలేదు. లేచి పోయి పటం ముందు కుంకుమ తీసి నుదుటి నిండా పెట్టుకున్నాడు, వచ్చి కూర్చుని పని మొదలుపెట్టాడు. ఎన్నాళ్లుగానో తలలో తిరుగుతున్న కొత్త తీగ ఒకటుంది. దాన్ని గడి గడిగా పరుస్తూ, పెదవుల మీద ఏదో పాట తిప్పుకుంటూ, మజ్జిగ సంగతి కూడా మరిచిపోయాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఆ హాలులో ఎవరూ అంతకుముందు చూడలేదు. ఆయనకు మిగిలిన సంతోషం ఆ పొద్దొక్కటే.

ఎండ ఎక్కాక బళ్ళారి నుంచి పెద్ద వ్యాపారి వచ్చాడు. జ్ఞానేశ్వర్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మా దగ్గరున్న అంచులు ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేవంటూ తన కంప్యూటర్‌లో 'అంచులు' నొక్కాడు. ఇంగ్లీషు ముక్క వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. వ్యాపారి మర్యాదగా కిటికీ బయటికి చూశాడు. శెట్టి చెవులు ఎర్రబడ్డాయి.

"మురళీ!"

ఆ పొద్దునే కర్నూలు బస్సు దిగిన మురళి పరిగెత్తుకొచ్చాడు. నంబరు చూశాడు. ఆలోచించకుండా నోరు జారాడు.

"సావుకారీ, ఇది రామలింగన్న మిషను! మనం ఆపిన మిషను ఈడికి వచ్చినాది. మీది ఆయప్ప బల్ల మీద ఉన్నట్టుండాది."

రామలింగప్ప తల తిప్పాడు. మెల్లగా లేచి వచ్చాడు.

"ఆపిన మిషనా? నా మిషన్ను ఆపినారా?"

మురళి శెట్టి మొహం వైపు చూశాడు.

"అంటే నేనేమీ నొక్కల్యా?" ఆయన గొంతు పెరిగింది. "నేను చెరపల్యా? అయితే నా తలకాయ బాగనే ఉండాదప్పా!"

కోపం వస్తుందని అందరూ అనుకున్నారు. కోపం రాలేదు. ఆయన నవ్వాడు. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అన్న ప్రశ్న ఆయనకు తట్టనే లేదు, పిచ్చి మారాజుకు. తన మతి తనకు ఉంది. అంతకు మించి ఆయనకేమీ అక్కర్లేదు. కన్నీళ్లు తుడుచుకుంటూ శెట్టి వైపు తిరిగి, ఏదో మంచి కబురు తెచ్చినవాడిలా చెప్పాడు.

"సావుకారీ, తప్పు యాడుండాదో దొరికినాది. ఏమీ ల్యా, ఒక్క నంబరే. దాన్ని మల్లా రాసేస్తే సరిపాయె. రాసెయ్యి మురళప్పా!"

మురళి కదల్లేదు. బళ్ళారి వ్యాపారి ఒకసారి రామలింగప్పను, ఒకసారి జ్ఞానేశ్వర్‌ను చూశాడు.

"ఈయన రామలింగప్ప కదా? జొన్నకంకి వేసినాయన. ఆయన మిషన్ను ఆపేదేంటికి శెట్రే?"

అడకత్తెరలో పడితే పోకచెక్క రెండవుతుంది. జ్ఞానేశ్వర్ కాలేదు. ఆయన మొహం మీద ఒక జాలి కనిపించింది. అట్లాంటి జాలి అప్పటికప్పుడు తెచ్చుకోవాలంటే మూడు తరాల అభ్యాసం ఉండాలి.

"ఏం చెప్పేదప్పా," అని నిట్టూర్చాడు. "పెద్దాయనకు ఈ మధ్య మతి సరిగా ల్యా. వేసినవి చెరిపేస్తాడు, చెరిపింది మర్చిపోతాడు. పొమ్మనేదానికి మా ఇంట్లో నోరు రాదు. అంచులు కాపాడుకోవల్ల, ఆయప్ప మనసు నొప్పించకూడదు. అందుకని సప్పుడు కాకుండా మిషన్ని ఆపి, జీతమిచ్చి కూసోబెట్టుకున్యాం."

"ల్యా!" అన్నాడు రామలింగప్ప. "చెరగల్యా సావుకారీ. ఇప్పుడే సూసినా. కంకి నిండుగా ఉండాది. వచ్చి సూడు!"

"ఉంటాది. పద్మశ్రీ మల్లా వేసింది కాబట్టి ఉండాది." జ్ఞానేశ్వర్ తిరిగాడు. "ఏమ్మా పద్మశ్రీ, నువ్వే గదా వేసింది?"

రామలింగప్ప కూడా తిరిగాడు. ఆయన మొహంలో బెదురేమీ లేదు. తన పిల్లను అడుగుతున్నారు, ఇంక భయమేముంది? తన చెయ్యి పట్టుకుని గడులు దిద్దిన పిల్ల.

పద్మశ్రీ కంప్యూటర్ మీది అక్షరాలు చూస్తూ కూర్చుంది. కిటికీ పక్క బల్ల ఆమెకు అడుగు దూరంలో ఉంది.

"అవును సావుకారీ," అంది. "నేనే వేసినా. మామ చెరిపేస్తే."

ఆ మాట శెట్టి అని ఉంటే రామలింగప్ప కొట్లాడేవాడు. ఊరంతా అని ఉన్నా కొట్లాడేవాడు. కానీ అన్నది పద్మ. పద్మ అబద్ధం చెప్పదు. పద్మ చెప్పిందంటే చెరిపాడన్నమాటే. మరి ఇప్పుడు నవ్వింది, మతి ఉందని అరిచింది, అదంతా కూడా మతి లేకపోవడమేనేమో.

"పాపం, వయసప్పా" అన్నాడు బళ్ళారి వ్యాపారి. మంచి మనిషి. నిజంగానే జాలిపడ్డాడు.

"ఇంటికాడ సరస్వతి ఆకు రసం తాగుతాండావంట గదా?" అని మెత్తగా అడిగాడు జ్ఞానేశ్వర్. "మతి బాగుంటే ఎవురైనా తాగుతారా?"

రామలింగప్పకు ఒప్పుకోక తప్పలేదు.

"తాగుతాండా సావుకారీ."

"మరి?"

"నిజమే." ఆయన తల ఆడించాడు. "నాకే తెల్దు. నేనీడుంటే అంచులు చెడిపోతాయి. పోతా."

"అయ్యయ్యో, మేం పొమ్మనల్యా గదా రామలింగప్పా! కూసో. ఎన్నాళ్లైనా కూసో."

"ల్యా, మీరనల్యా. నేనే పోతాండా." వ్యాపారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "శెట్టి శానా మంచోడప్పా. ఇన్నాళ్లు నాకు సెప్పకుండా ఓర్చుకున్యాడు."

వ్యాపారి తల పంకించాడు. ఆ మాట సాయంత్రానికే బజారంతా పాకింది. మతి తప్పిన మనిషిని కూడా పొమ్మనని ఇల్లని ఇప్పటికీ చెప్పుకుంటారు. మురళి పెద్ద మిషను దగ్గరకు పోయి, ఇప్పుడు శెట్టి బల్ల మీదున్న ఆ నంబరు ముందు నుంచి గుర్తు తీసేశాడు. తేలు కుట్టిన దొంగలా ఆ పూటంతా వెనక గదిలోనే ఉండిపోయాడు. తెర మీద కొత్త తీగ సగంలో ఆగిపోయి ఉంది. పద్మశ్రీ దాన్ని దాచుకుంది. మామ పేరు మాత్రం రాయలేదు.

రామలింగప్ప చెప్పులు వేసుకుని మెట్ల దాకా పోయి, ఆగి, వెనక్కి చూశాడు.

"పద్మా, రోంత ఇంటిదాకా తోడు రామ్మా. యాడన్నా దారి తప్పుతానేమో."

పద్మశ్రీకి వినబడింది. లేవలేదు. ఆయన కాసేపు నిలబడి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి బజారులోకి వచ్చాడు. పుట్టి పెరిగిన ఊరు, పెళ్లి ఊరేగింపు నడిచిన బజారు. కొట్టు గడప ముందు నిలబడి అటూ ఇటూ చూశాడు. కాయగూరల బండి తోసుకుపోతున్న ఒకణ్ణి ఆపి, తానుండే నేతగేరికి ఎటు పోవాలప్పా అని అడిగాడు. వాడు నవ్వి, ఎదురుగానే కదా అని చూపించాడు. రామలింగప్ప వాడు చూపించిన వైపు పోయాడు. సందు మలుపులో ఇంకొకణ్ణి ఆపి, మళ్లీ అడిగాడు.